జీర్ణం కాని వాతాపి

మన నుడికారంలో కడుపు ఒక అవయవం మాత్రమే కాదు. పక్కవాడి మేడను చూస్తే మండేది కడుపే. బిడ్డ చిక్కిపోతే తరుక్కుపోయేది కడుపే. అన్యాయాన్ని చూస్తే రగిలేదీ కడుపే. ఈర్ష్యకూ దుఃఖానికీ ఆగ్రహానికీ ఒకే చోట నివాసం ఏర్పరచిన భాష మనది. అందుచేత ఎవరికైనా నిజంగానే కడుపులో మంట పుడితే దాని కారణాన్ని అతని స్వభావంలో వెతకడం మనకు అలవాటైపోయింది. "అంత కోపమైతే ఎలాగండీ, అల్సరు రాక ఏమవుతుంది?" అన్న మాట వినబడని తెలుగు ఇల్లు అరుదు.

ఆ మాటను మా నాన్న ఇరవై ఏళ్ళకు పైగా విన్నారు. ఆ మాట సరికాదని తేల్చిన ఒక సూక్ష్మజీవి కథను, నాకు అర్థమైన మేరకు, ఇక్కడ చెప్పబోతున్నాను.

నాన్న ఉద్యోగమంతా భద్రాచలం ఏజెన్సీలో గడిచింది. చర్ల, దుమ్ముగూడెం వైపు గిరిజన పాఠశాలల్లో ఉపాధ్యాయులుగా పనిచేశారు. అప్పట్లో అది ఖమ్మం జిల్లా. 2016 నుండి భద్రాద్రి కొత్తగూడెం జిల్లా. గోదావరి ఒడ్డున వరిపొలాలు, మిరపతోటలు. వాగులు దాటి లోపలికి పోతే తునికి, ఇప్ప, టేకు చెట్ల నడుమ కోయగూడేలు. ఇంకా పోతే బస్తరు అడవి. వానాకాలంలో వాగులు పొంగితే వారాల తరబడి బడిలోనే ఉండిపోయేవారు. తాగేది ఇసుకలో తీసిన చెలమ నీరు. తినేది హాస్టలు పిల్లలతో పాటు అన్నమూ, నీళ్ళపప్పూ, చింతపండు పులుసూ.

ఆయన నొప్పికి ఒక వేళ ఉండేది. భోజనం చేసిన రెండు మూడు గంటలకు మొదలయ్యేది. రాత్రి ఒంటిగంటకో రెండింటికో నిద్రలేపేది. ఏదైనా తింటే కాసేపు శాంతించేది. అందుకని మంచం పక్కన మూతపెట్టిన గ్లాసులో పాలు, రెండు బిస్కట్లు ఎప్పుడూ సిద్ధంగా ఉండేవి. చొక్కా జేబులో జెలూసిల్ మాత్రలు ఉండేవి. అవి అయిపోతే వంటసోడా.

కారం మానమన్నారు, మానేశారు. మిరపకాయకు పేరుమోసిన ఖమ్మం సీమలో కారం లేని కూర తినడమంటే ఏమిటో అక్కడి వారికే తెలుస్తుంది. టీ మానమన్నారు, అదీ మానేశారు. కోపం మానమన్నారు. అది ఎలా మానాలో మాత్రం ఎవరూ చెప్పలేదు. నాన్నకు కోపం ఎక్కువన్నది నిజమే. హాస్టలుకు వచ్చిన బియ్యం బస్తా తూకం తగ్గితే కోపం వచ్చేది. సంతలో కోయవారు తెచ్చిన చింతపండును దొంగతూకంతో కొనేవారిని చూస్తే కోపం వచ్చేది. బంధువులు ఆ కోపాన్నే పట్టుకున్నారు. "ఊరి గొడవలన్నీ నెత్తిన వేసుకుంటాడు, కడుపులో పుండు పడక ఏమవుతుంది?" అనేవారు. క్రమంగా ఆయనా నమ్మారు. నొప్పి లేచిన రాత్రి ఆనాడు తానెవరి మీద కోప్పడ్డారో అమ్మకు చెప్పేవారు. అది నేను పక్కగదిలోంచి విన్నాను. నొప్పిని ఆయన ఓర్చుకున్నారు గాని, ఈ ఆత్మవిచారణ ఆయనను ఎక్కువ కుంగదీసింది.

1983లో ఆపరేషను జరిగింది. ఆమ్లం ఊరమని జీర్ణాశయానికి కబురు పంపే నరాన్ని కోసి, జీర్ణాశయానికీ చిన్నపేగుకూ మధ్య కొత్త దారి కుట్టారు. అప్పటికి అదే శాస్త్రసమ్మతమైన వైద్యం. చేసిన శస్త్రవైద్యులు శ్రద్ధగా చేశారు. నొప్పి తగ్గింది. కాని ఆ తరువాత కాస్త ఎక్కువ తిన్నారంటే చెమటలు పట్టి, కళ్ళు తిరిగి, అరగంట పడుకోవలసి వచ్చేది. పెళ్ళిళ్ళలో బంతికి కూర్చోవడం మానేశారు.

అదే 1983 జూన్‌లో లాన్సెట్ పత్రికలో ఆస్ట్రేలియా నుండి రెండు చిన్న ఉత్తరాలు అచ్చయ్యాయి. వాటి సంగతికి ముందు అసలు నేరస్థుణ్ణి పరిచయం చేయాలి.

* * *

వాతాపి కథ తెలియనివారు ఉండరు. ఇల్వలుడు తమ్ముణ్ణి మేకగా మార్చి, వండి, అతిథులకు వడ్డించేవాడు. భోజనం కాగానే పేరుపెట్టి పిలిస్తే వాతాపి కడుపు చీల్చుకొని వచ్చేవాడు. అగస్త్యుని దగ్గర మాత్రం ఆ ఎత్తు పారలేదు. ఇప్పటికీ మన అమ్మమ్మలు పసిపాపకు పాలు పట్టి, పొట్ట నిమురుతూ వాతాపిని తలచుకుంటారు.

మన జీర్ణాశయం అగస్త్యునికి తీసిపోదు. రోజుకు లీటరున్నర నుండి రెండు లీటర్ల జఠరరసం ఊరుతుంది. అందులోని హైడ్రోక్లోరిక్ ఆమ్లం ధాటికి ఆహారంతో వచ్చే సూక్ష్మజీవుల్లో అత్యధిక భాగం నశిస్తాయి. అటువంటి చోట ఏ జీవీ కాపురం చేయలేదని వైద్యశాస్త్రం చాలాకాలం నమ్మింది. 1954లో ఎడ్డీ పామర్ అనే అమెరికా వైద్యుడు వెయ్యికి పైగా జీర్ణాశయపు ముక్కలను పరిశీలించి, అక్కడ బాక్టీరియా నివాసం లేదని తేల్చాడు. ఆ తీర్పుతో ముప్ఫై ఏళ్ళపాటు ఆ తలుపు మూసుకుపోయింది.

హెలికోబాక్టర్ పైలోరి అన్నది జీర్ణం కాని ఆ వాతాపి పేరు. పొడవు మిల్లీమీటరులో మూడువందలో వంతు. ఒళ్ళు మెలితిరిగి ఉంటుంది. ఒక కొసన నాలుగు నుండి ఆరు వరకు కశాభాలు, అంటే కొరడాల వంటి తోకలు ఉంటాయి. ఇది ఆమ్లాన్ని జయించి అందులో ఈదులాడుతూ బతుకుతుందనుకోవడం పొరపాటు. ఆమ్లంలో ఎక్కువసేపు ఉంటే ఇదీ చస్తుంది. దాని చాతుర్యమంతా ఆ ఆమ్లాన్ని త్వరగా దాటిపోవడంలో ఉంది.

జీర్ణాశయం తన ఆమ్లానికి తానే కరిగిపోకుండా లోపలి గోడల మీద చిక్కటి శ్లేష్మపు పొరను పూసుకుంటుంది. పొర పైభాగంలో ఆమ్లం తీవ్రంగా ఉన్నా, గోడను ఆనుకొని ఉన్నచోట దాదాపు తటస్థంగా ఉంటుంది. మన వాతాపి చేరవలసిన గూడు అదే. అక్కడికి చేరేదాకా ప్రాణం నిలుపుకోవడానికి దాని దగ్గర యూరియేజ్ అనే ఎంజైము ఉంది. ఆ జీవి శరీరంలోని మొత్తం ప్రోటీన్‌లో పదోవంతు దాకా ఇదొక్కటే ఉంటుందంటే దాని ప్రాముఖ్యం ఊహించవచ్చు. మన రక్తంలో నుండి జఠరరసంలోకి కొద్దికొద్దిగా యూరియా ఊరుతూ ఉంటుంది. ఈ ఎంజైము ఆ యూరియాను విరిచి అమ్మోనియా, కార్బన్ డయాక్సైడ్ తయారుచేస్తుంది. అమ్మోనియా క్షారం కనుక చుట్టూ ఉన్న ఆమ్లాన్ని విరిచేస్తుంది. మనం వంటసోడా వేసుకొని చేసే పనినే అది మన యూరియాతో చేసుకుంటోందన్నమాట.

అమ్మోనియా మితిమీరితే దానికే ముప్పు. అందుకు దాని లోపొర మీద ఒక ద్వారం ఉంది. బయట ఆమ్లం ఎక్కువైతే ఆ ద్వారం తెరచుకొని యూరియాను లోపలికి రానిస్తుంది. ఆమ్లం తగ్గితే మూసుకుంటుంది. అమ్మోనియా వల్ల ఇంకొక లాభం కూడా ఉంది. ఆమ్లంలో శ్లేష్మం జున్నులా గడ్డకట్టి ఉంటుంది. ఆమ్లం విరిగితే పలచబడుతుంది. పలచబడినచోట మెలితిరిగిన ఆ ఒళ్ళు, ఆ కొరడాలు పనికివస్తాయి. తోసుకుంటూ గోడ దాకా పోయి అక్కడి కణాలను అంటిపెట్టుకుంటుంది. ఆ తరువాత మందు వేసి తరిమితే తప్ప సాధారణంగా మనిషి జీవితకాలమంతా అక్కడే ఉంటుంది.

ఇక పుండు సంగతి. ఈ జీవి వాక్-ఏ అనే విషాన్ని వదిలి కణాల లోపల బుడగలు లేపుతుంది. కొన్ని రకాలు సూదిమందు ఇచ్చినట్టు క్యాగ్-ఏ అనే ప్రోటీన్‌ను కణంలోకి గుచ్చుతాయి. మన రక్షకకణాలు దండెత్తి వస్తాయి గాని శ్లేష్మంలో దాగిన శత్రువును తుదముట్టించలేవు. ఆ పోరులో గోడకే గాయమవుతుంది. జీర్ణాశయపు కింది భాగంలో ఈ వాపు ఉంటే మరొక చిక్కు వస్తుంది. ఆమ్లం ఊరడానికి గ్యాస్ట్రిన్ అనే హార్మోను ప్రేరణ ఇస్తుంది, సొమాటోస్టాటిన్ అనేది కళ్ళెం వేస్తుంది. వాపు వల్ల కళ్ళెం సడలి, ఆమ్లం అవసరానికి మించి ఊరి, పక్కనే ఉన్న ఆంత్రమూలంలోకి పారుతుంది. అక్కడి గోడకు అంత ఆమ్లాన్ని తట్టుకునే శక్తి లేదు. పుండు పడుతుంది. కడుపులో అన్నం ఉన్నంతసేపు అది ఆమ్లాన్ని కొంత పీల్చుకుంటుంది. ఖాళీ కాగానే నొప్పి లేస్తుంది. నాన్న నొప్పి గడియారం పట్టినట్టు రావడానికి కారణం ఇది. దొంగతూకాలకూ దీనికీ సంబంధం లేదు.

* * *

పెర్త్ నగరంలో రాబిన్ వారెన్ అనే వైద్యుడు 1979లో జీర్ణాశయపు ముక్కల్లో ఈ మెలికల జీవులను గమనించాడు. 1981లో బారీ మార్షల్ అనే యువవైద్యుడు ఆయనతో కలిశాడు. వంద మంది రోగుల నుండి ముక్కలు సేకరించి ఆ జీవిని పెంచాలని చూశారు. రెండు రోజులు చూసి, ఏమీ మొలవకపోతే ప్రయోగశాలవారు పళ్ళేలను పారవేసేవారు. 1982 ఈస్టరు సెలవుల మూలంగా ఒక పళ్ళెం అయిదు రోజులు అలాగే ఉండిపోయింది. సెలవుల తరువాత చూస్తే అది మొలిచి ఉంది. ఇది తాపీగా పెరిగే జీవి. అంతకుముందు ఎవరూ దానికి ఆ వ్యవధి ఇవ్వలేదు.

అల్సరు బాక్టీరియా వల్ల వస్తుందంటే పెద్దలు నమ్మలేదు. 1984లో మార్షల్ ఆ జీవులను పెంచిన ద్రవాన్ని తానే తాగాడు. కొద్ది రోజుల్లో వాంతులు మొదలయ్యాయి, నోరు దుర్వాసన కొట్టింది. పదోరోజున తీసిన ముక్కలో వాపు, ఆ జీవులు కనబడ్డాయి. ఆయనకు పుండు పడలేదు, వాపు మాత్రమే వచ్చింది. అయినా ఆరోగ్యవంతుని కడుపును ఈ జీవి చెడగొట్టగలదని రుజువైంది. 1994 ఫిబ్రవరిలో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ ఏర్పాటు చేసిన నిపుణుల సభ, ఈ జీవి ఉన్న అల్సరు రోగులకు యాంటీబయాటిక్ ఇవ్వవలసిందేనని తీర్మానించింది. అదే ఏడు ప్రపంచ ఆరోగ్య సంస్థవారి క్యాన్సర్ పరిశోధన విభాగం దీన్ని క్యాన్సర్ కారకాల జాబితాలో చేర్చింది. 2005లో వారెన్, మార్షల్‌లకు నోబెల్ బహుమతి లభించింది. నాన్న 2001లో, వేరే కారణంతో, వెళ్ళిపోయారు.

మన దక్షిణాదికి ఈ జబ్బుతో పాత పరిచయం. 1922లోనూ 1924లోనూ ఎవరెస్టు యాత్రల్లో పాల్గొన్న హవర్డ్ సోమర్వెల్ అనే ఇంగ్లీషు శస్త్రవైద్యుడు తిరువాన్కూరు సంస్థానంలోని నెయ్యూరు మిషన్ ఆసుపత్రిలో స్థిరపడ్డాడు. ఆంత్రమూలపు పుండ్ల గురించి 1936లో తన సహచరునితో కలిసి ఆయన రాసిన వ్యాసానికి ఆధారం 2,500 మంది రోగులు. దశాబ్దాల తరువాత, మైసూరులో పనిచేసిన ఫ్రాంక్ టోవీ అనే మరో శస్త్రవైద్యుడు దేశపటం మీద ఈ జబ్బు వ్యాప్తిని గుర్తిస్తూ పోయాడు. వరి తినే దక్షిణాదిలో ఎక్కువ, గోధుమ తినే పంజాబు వైపు తక్కువ అని తేలింది. విచిత్రమేమంటే, బాక్టీరియా మాత్రం రెండుచోట్లా విరివిగానే ఉంది. కాబట్టి నేరమంతా దానిదేననీ అనలేము. అది కడుపులో ఉన్నవారిలో నూటికి పది నుండి ఇరవై మందికే పుండు పడుతుంది. తిండి, పొగ, నొప్పి మాత్రలు, వంశలక్షణం, బాక్టీరియా రకం అన్నీ ఆ లెక్కలోకి వస్తాయి. మానసిక ఒత్తిడికీ చిన్న వాటా ఉండవచ్చు. కాని నాన్న తల మీద పెట్టింది వాటా కాదు, మొత్తం మూట.

* * *

ఇప్పుడు ఈ దొంగను పట్టుకునే పద్ధతులు. దానికి ప్రాణం పోసే యూరియేజే దాన్ని పట్టిస్తుంది. నోటిలోంచి గొట్టం వేసి చూసినప్పుడు వైద్యుడు గోడ నుండి మిరపగింజంత ముక్క తీసి, యూరియా కలిపిన పచ్చని జిగురులో గుచ్చుతాడు. జీవి ఉంటే యూరియా విరిగి అమ్మోనియా పుట్టి, జిగురు గులాబిరంగుకు తిరుగుతుంది. ఒక్కోసారి నిమిషాల్లోనే తెలిసిపోతుంది. ఒకరోజు దాకా వేచి చూడాలి. ముక్కను సూక్ష్మదర్శిని కింద కూడా చూస్తారు.

గొట్టం అక్కరలేని పద్ధతులూ ఉన్నాయి. ఊపిరి పరీక్షలో గుర్తుపెట్టిన కార్బన్ ఉన్న యూరియాను తాగిస్తారు. జీవి ఉంటే ఆ కార్బన్ వాయువుగా మారి, రక్తంలో కలిసి, ఊపిరితో బయటికి వస్తుంది. మలంలో ఈ జీవి ఆనవాళ్ళు వెతికే పరీక్ష కూడా నమ్మదగినదే. రక్తపరీక్ష ఎప్పుడో వచ్చి పోయినదానికీ ఇప్పుడు ఉన్నదానికీ తేడా చెప్పలేదు కనుక, జబ్బు నయమైందో లేదో తెలుసుకోవడానికి పనికిరాదు.

2014లో నాకూ అర్ధరాత్రి నొప్పి మొదలైంది. హైదరాబాదులో ఊపిరి పరీక్ష చేయించుకున్నాను. దానికి ముందు రెండు వారాలు గ్యాస్ మాత్రలు ముట్టవద్దన్నారు. ఉదయాన్నే పరగడుపున ఒక సంచిలోకి ఊపిరి ఊది, యూరియా కలిపిన ద్రావణం తాగి, అరగంట తరువాత మరో సంచిలోకి ఊదాను. ఉందని తేలింది.

ఈ జీవి ఎక్కువగా బాల్యంలోనే, ఇంటివారి నుండే అంటుతుంది. నమిలి పెట్టిన ముద్ద, ఒకే చెంబు, కలుషితమైన నీరు, ఇవే దారులు. అందుకే ఒకే కుటుంబంలో తరచు ఒకే రకం కనబడుతుంది. ఇలా తరం నుండి తరానికి చేతులు మారుతూ రావడం వల్ల మనుషుల వలసలను కూడా దీని జన్యువుల్లో చదవవచ్చు. హైదరాబాదు శాస్త్రవేత్త నియాజ్ అహ్మద్ బృందం భారతీయ రకాలకు ఐరోపా రకాలతో ఉన్న బంధుత్వాన్ని 2007లో చూపింది. ఆల్ప్స్ మంచులో 5,300 ఏళ్ళు గడ్డకట్టి ఉన్న ఓట్జీ అనే మనిషి కడుపులోనూ ఇది దొరికింది. 2016లో చదివిన ఆ జన్యువులు నేడు మధ్య, దక్షిణాసియాల్లో కనబడే రకానికి అతి దగ్గరగా ఉన్నాయి.

ఆ రోజు ఆ కాగితం చేతపట్టుకొని నేను ఆలోచించినది మా సంగతే. సెలవుల్లో నాన్న బడికి వెళితే చెలమ నీళ్ళు ఆయన దోసిలితోనే నాకు పట్టేవారు. కారం లేని ఆయన పెరుగన్నంలో చివరి ముద్ద ఎప్పుడూ నాదే. నాలో ఉన్నది ఆయనలో ఉన్నదాని సంతతి అయ్యే అవకాశం చాలా ఎక్కువ. ఇల్లు అమ్మేశాము, ఆయన పుస్తకాలు చెదలు తిన్నాయి. ఆయన నుండి నాకు చేరి, ఇంకా ప్రాణంతో ఉన్నది ఇదొక్కటేనేమో. దాన్ని చంపడానికి మందుల చీటీ రాశారు.

మొదటి విడత రెండు యాంటీబయాటిక్‌లు, ఆమ్లాన్ని తగ్గించే మాత్ర, పద్నాలుగు రోజులు వాడాను. నోరంతా ఇనుము నాకినట్టు చేదు. మందులు ఆపిన నెల తరువాత మళ్ళీ ఊదితే ఇంకా ఉందని తెలిసింది. మన దేశంలో ఈ జీవి కొన్ని మందులకు బాగా అలవాటు పడిపోయింది. రెండో విడతలో బిస్మత్, మెట్రొనిడజోల్, టెట్రాసైక్లిన్ ఇచ్చారు. టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొట్టమొదటిదైన ఆరియోమైసిన్ 1948లో లెడర్లీ ప్రయోగశాల నుండి వెలువడింది. అప్పుడు అక్కడ పరిశోధనలకు సారథి మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. స్ప్రూ అనే పేగుల వ్యాధి సోదరులను పొట్టనబెట్టుకుంటే వైద్యం వైపు మళ్ళిన మనిషి ఆయన. ఈసారి నయమైంది. బిస్మత్ వల్ల నల్లబడిన నాలుకను అద్దంలో చూసుకున్నప్పుడు నాకు సంతోషమూ కలిగింది, ఇంకొకటేదో కూడా కలిగింది.

* * *

2019 వేసవిలో నాన్న పాతశిష్యుడొకరు ఫోను చేశాడు. కోయగూడెం నుండి చదువుకొని తానూ పంతులైనవాడు. వాళ్ళమ్మ తునికాకు కోతకు పోయేది. మిరప కోతల కాలంలో మైదానానికీ వచ్చేది. నడుము నొప్పికి ఊళ్ళో ఇచ్చే నొప్పి మాత్రలు, కడుపు మంటకు కిరాణా కొట్లో దొరికే గ్యాస్ మాత్రలు, ఏళ్ళ తరబడి ఇదే నడిచింది. నొప్పి మాత్రలు శ్లేష్మపు పొర ఊరకుండా చేస్తాయి. అల్సర్లకు రెండో పెద్ద కారణం అవే. బాక్టీరియా, నొప్పి మాత్రలు తోడైతే ప్రమాదం ఇంకా పెరుగుతుంది. ఆమెకు తారు వంటి నల్లటి విరేచనాలయ్యాయి. లోపల రక్తం కారుతోందనడానికి అది గుర్తు. ఇప్పసారా తాగుతుంది కాబట్టి వచ్చిందని చుట్టుపక్కలవారు తేల్చేశారు. ఖమ్మం తీసుకువెళ్ళి గొట్టం వేయిస్తే పుండు కనబడింది. జిగురు గులాబిరంగుకు తిరిగింది. మందులు వాడాక కోలుకుంది.

అంతా చెప్పి అతను అడిగాడు: "మన సారుకు ఉన్నదీ ఇదేనా?"

అయి ఉండాలన్నాను. అవతల కాసేపు నిశ్శబ్దం. "మరి మేము అల్లరి చేసి సారుకు కోపం తెప్పిస్తున్నామని, అందుకే కడుపునొప్పి వస్తోందని హాస్టల్లో అందరమూ భయపడేవాళ్ళం" అన్నాడు. ఆ బరువును ఆ పిల్లలు కూడా మోశారని నాకు అప్పటిదాకా తెలియదు.

ఈ కథలో గ్యాస్ మాత్రకు ఒక ప్రత్యేకమైన పాత్ర ఉంది. అది మంటను తగ్గిస్తుంది, పుండును మాన్పుతుంది కూడా. కాని బాక్టీరియాను తరిమివేయదు. పైగా దాన్ని వాడుతూ పరీక్ష చేయిస్తే జీవి ఉండి కూడా లేదని రావచ్చు. అందుకే ఆ రెండు వారాల నియమం. యాంటీబయాటిక్‌లు, బిస్మత్ అయితే నాలుగు వారాలు ఆపాలి. వైద్యుణ్ణి అడిగే ఆపాలి సుమా. అడవి అంచు గూడేల్లో ఆ మాత్ర ప్రతి కొట్లోనూ దొరుకుతుంది, పరీక్షకు మాత్రం బస్సెక్కి పట్నానికి రావాలి. "గ్యాసు" అన్న ఒక్క మాట కింద ఎన్ని పుండ్లు నడిచిపోతున్నాయో!

మీ ఇంట్లో పెద్దవారెవరైనా నెలల తరబడి గ్యాస్ మాత్రల మీద నెట్టుకొస్తుంటే, రాత్రివేళ నొప్పితో లేస్తుంటే, బరువు తగ్గుతుంటే, ఒకసారి మంచి వైద్యుని దగ్గరికి తీసుకువెళ్ళి ఈ బాక్టీరియా పరీక్ష గురించి అడగండి. నల్లటి విరేచనం అయితే ఆ రోజే వెళ్ళండి. వారికి కోపం ఎక్కువైతే ఆ సంగతి వేరే మాట్లాడుకోవచ్చు. దానికీ దీనికీ ముడిపెట్టకండి.